వేపపువ్వు చారు రెండుసార్లూ చేదు విషమైంది. తప్పు పువ్వుదా, నాదా?

చారుగిన్నె:

పెరట్లో వేప ఆకంతా రాల్చేసి రాగిరంగు చిగురు వేసింది. వారం నుంచి పూత కూడా మొదలైంది. ఈ ఏడు (2026) ఉగాది మార్చి 19నే వచ్చేస్తోంది కాబట్టి పచ్చడికి కాస్త పక్కన పెట్టి, మిగతాది చారుకి వాడదామనుకున్నాను. రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ మొదటి ముద్దకే కంచం పక్కకి జరపాల్సి వచ్చింది.

చేసిన పద్ధతి ఇదీ. నిమ్మకాయంత చింతపండు, ముప్పావు లీటరు నీళ్లు, ఒక టమాటా, కొన్న రసం పొడి రెండు చిన్న చెంచాలు, ఉప్పు, పసుపు. నేతిలో పోపు పెట్టి, అందులోనే గుప్పెడు పచ్చి పువ్వు వేసి వేగాక చారులో కలిపి అయిదు నిమిషాలు మరిగించాను. కొన్ని పువ్వుల మధ్యలో ఆవగింజంత పచ్చటి పిందెలు కనిపించాయి. అలాగే వేసేశాను.

అడగాలనుకున్నవి: పచ్చి పువ్వు వాడాలా, ఎండినదా? నలుగురికి ఎంత? ఏడాదికి సరిపడా ఎండబెట్టుకోవాలంటే ఎలా? చేదు బొత్తిగా లేకుండా కాదు, ఉండీ ఉండనట్టు ఉంటే చాలు.

---

ఇత్తడిగరిటె:

పువ్వు తప్పేం లేదండీ. మీరు దాన్ని మరిగించారు. వేపపువ్వు చారుకి ఉన్న ఒకే ఒక్క నియమం, పువ్వు పడ్డాక చారు మరగకూడదు. పువ్వుని పొయ్యి మీద చారులో అయిదు నిమిషాలు ఉంచితే అది చారు కాదు, కషాయం. మిగతా పొరపాట్లు దీని తర్వాతే.

రెండోది రసం పొడి. కొన్న పొడుల్లో చాలావాటిలో మెంతులు ఉంటాయి. పెట్టె మీద దినుసుల జాబితా చూడండి. మెంతి చేదు, వేప చేదు ఒకదాని మీద ఒకటి ఎక్కితే బెల్లం ఎంత వేసినా విరగదు. ఈ చారుకి పొడి అప్పటికప్పుడు కొట్టుకోవడం మేలు: ధనియాలు రెండు చిన్న చెంచాలు, జీలకర్ర ఒకటి, కందిపప్పు ఒకటి, మిరియాలు అర చెంచా. నూనె లేకుండా సన్నసెగ మీద దోరగా వేయించి బరకగా దంచాలి. జీలకర్ర చివర్లో వేయండి, అది ముందు మాడుతుంది. మాడిన జీలకర్రా చేదే. మిరియాలు ఇంతకు మించొద్దు. ఘాటు, చేదు కలిస్తే నాలుక దేన్నీ పట్టుకోలేదు.

నలుగురికి కొలతలు:

చింతపండు 20 గ్రాములు, అంటే పెద్ద ఉసిరికాయంత. వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిసికి వడకట్టి, మొత్తం 700 మిల్లీలీటర్లు చేయండి. పచ్చిమిర్చి రెండు చీల్చి, కరివేపాకు రెండు రెబ్బలు, పసుపు చిటికెడు, ఉప్పు చిన్న చెంచా నిండుగా, బెల్లం గోలీకాయంత. పచ్చి పులుపు వాసన పోయేదాకా 8 నుంచి 10 నిమిషాలు మరగనిచ్చి, పైన చెప్పిన పొడి వేసి ఒక్క పొంగు రానిచ్చి దించేయండి. టమాటా వద్దు. టమాటా తీపి, గుజ్జు వేపపువ్వు వాసనని మింగేస్తాయి, చేదు మాత్రం అలాగే మిగులుతుంది.

ఇప్పుడు పువ్వు. చిన్న మూకుడులో రెండు చిన్న చెంచాల నెయ్యి కరిగాక ఎండు వేపపువ్వు ఒకటిన్నర పెద్ద చెంచా వేసి, మంట బాగా తగ్గించి కలుపుతూనే ఉండాలి. ముందు కాస్త నురగలా లేస్తుంది. తర్వాత గడ్డిరంగు పువ్వు వేరుశనగ పొట్టు రంగుకి తిరుగుతుంది, ఆ మీదట కాఫీగింజ రంగుకి. సరిగ్గా అక్కడ గరిటెతో తీసేయాలి. మొత్తం నిమిషం, నిమిషంన్నర పని. మూకుడు వేడికి దించాక కూడా వేగుతూనే ఉంటుంది కాబట్టి ఒక ఛాయ ముందే తీసినా నష్టం లేదు. మిగిలిన నేతిలోనే ఆవాలు, రెండు ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు చారులో పోయండి. వేయించిన పువ్వు అన్నిటికంటే ఆఖర్న, దించిన చారు మీద వేసి మూతపెట్టి అయిదు నిమిషాలు ఆగి వడ్డించండి. అంతకంటే సేపు ఉంటే చేదు దిగుతూనే ఉంటుంది. రాత్రికి కూడా చారు కావాలంటే సగం పువ్వు విడిగా ఉంచుకుని అప్పుడు వేసుకోండి. పువ్వు ఉన్న చారుని మళ్లీ వేడిచేయొద్దు.

చాదస్తం అనుకోకపోతే ఇంకొకటి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు చారు మరిగించకండి. పులుపుకి చిలుం దిగుతుంది. స్టీలు గిన్నె అయినా రాతిచిప్ప అయినా ఫరవాలేదు.

---

వేపనీడ:

చారు సంగతి పైన ఆయన చెప్పేశారు. నేను చెట్టు సంగతి చెప్తాను, ఎందుకంటే సగం చేదు కోతలోనే వస్తుంది.

మీరు చెప్పిన ఆ ఆవగింజ పిందెలున్న పూత ముదిరిన పూత. వేపకి జానెడు దాకా వేలాడే గుత్తులొస్తాయి, ఒక్కో గుత్తికి నూట యాభై, రెండు వందల పువ్వుల దాకా ఉంటాయి. అన్నీ ఒకేసారి విచ్చవు. అందుకే ఒకే గుత్తిలో మొగ్గ, పువ్వు, పిందె మూడూ కనిపిస్తాయి. చారుకి కావలసింది విచ్చిన తెల్ల పువ్వు, విచ్చబోయే మొగ్గ. పిందె, పచ్చకాడ రెండూ కటిక చేదు. గుత్తి గుత్తిగా దూసి కాడలతో సహా ఎండబెట్టేవాళ్ల పువ్వే ఎప్పుడూ ఎక్కువ చేదుగా ఉంటుంది.

అన్నిటికంటే తేలిక దారి కోయకపోవడమే. వేప పూసిన దాంట్లో చాలా భాగం కాయ కట్టకుండా దానంతట అదే రాలిపోతుంది. పువ్వులు మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటాయి, వాసన రాత్రి బాగా వస్తుంది. రాత్రి పడుకునే ముందు చెట్టు కింద ఊడ్చి పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, తెల్లవారి ఎండెక్కక ముందు ఎత్తేయండి. రాలిన పువ్వుకి కాడ ఉండదు. ఏరే పని సగం తగ్గుతుంది. గాలి వీచిన రాత్రి అయితే ఒక్క చెట్టు కిందే శేరు పైన దొరుకుతుంది. మంచు పడిన రోజు మాత్రం తడిసి ముద్దవుతుంది. అలాంటిది ఆ పూటే పలచగా ఆరబెట్టాలి, కుప్పగా ఉంచితే మధ్యాహ్నానికి వేడెక్కి నల్లబడుతుంది.

ఎండబెట్టడం:
ముందు చేటలో పోసి చెరగండి, ఎండుటాకు ముక్కలు పోతాయి. దుమ్ము ఉందనిపిస్తే ఒక్కసారి నీళ్లలో ముంచి తీసి జల్లెడలో వార్చండి. నానబెడితే వాసన పోతుంది. పాత పంచె మీద ఒకే పొరగా పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి మొదటి రోజు నీడలో, తర్వాత రెండు రోజులు ఎండలో పెట్టండి. నేల మీద వద్దు, చీమలు పడతాయి. మంచం మీద పరచండి. రోజుకి రెండుసార్లు చేత్తో తిప్పాలి. వేళ్ల మధ్య నలిపితే గలగలలాడి పొడి కావాలి. సాగుతూ ముడుచుకుంటే ఇంకా తడుంది. ఆఖర్న సన్నజల్లెడలో జల్లిస్తే పుప్పొడి, నుసి కింద పడిపోతాయి. ఆ నుసిని పారేయండి, నేతిలో ముందు మాడేది అదే. ఎండాక పరిమాణం చూసి కంగారు పడొద్దు, చేటెడు పువ్వు గిద్దెడు అవుతుంది.

ఎక్కడ ఏరకూడదో కూడా చెప్పాలి. 2021 వానాకాలం తర్వాత తెలంగాణలో, ఆంధ్రాలో వేపచెట్లు కొమ్మల కొసల నుంచి ఎండుకుంటూ రావడం అందరం చూశాం కదా. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడు. కొసలు మాడినట్టున్న కొమ్మ నుంచి పువ్వు తీసుకోవద్దు, ఆ తెగులు పూతగుత్తికీ పాకుతుంది. చెట్టుకి మందు కొట్టి ఉంటే ఆ ఏడాదికి ఆ పువ్వు మర్చిపోండి. మామిడితోటల గట్ల మీది వేపలూ అంతే. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకీ బూడిద తెగులుకీ కొట్టే మందు గాలికి వచ్చి పక్కచెట్టు మీద పడుతుంది. రోడ్డు పక్క చెట్ల గురించి చెప్పక్కర్లేదు.

పట్నాల్లో ఇంకో తికమక ఉంది: తురకవేప. దాని పువ్వు లేత ఊదారంగు, మధ్యలో ముదురు ఊదా గొట్టం ఉంటుంది. ఆకు ఈనె మళ్లీ చీలి ఈనెలు వేస్తుంది. మన వేపకి ఒకే ఈనె, దానికి రెండు పక్కలా రంపపు అంచు ఆకులు, పువ్వు తెలుపు. తురకవేప విషం. ఊదారంగు కనిపిస్తే చేయి పెట్టొద్దు.

---

చారుగిన్నె:

ఇద్దరికీ దండాలు. మెంతుల మాట నిజమే, పెట్టె మీద మూడో పేరే అది.

ఇంకో అనుమానం. పచ్చడి కోసం కోసిన పచ్చి పువ్వు కొంచెం మిగిలింది. ఎండేదాకా ఆగకుండా దాన్నే చారుకి వాడొచ్చా? నేతిలో వేస్తే చిటపటలాడి, మెత్తబడి, ఉన్నట్టుండి నల్లబడిపోతోంది. మధ్య రంగు కంటికి అందడం లేదు.

---

ఇత్తడిగరిటె:

వాడొచ్చు. పచ్చి పువ్వులో తడి ఉంటుంది కాబట్టి ముందు నెయ్యి లేకుండా పొడి మూకుడులో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు తడి ఇగిరేదాకా కదపండి. ముడుచుకుని తేలికపడ్డాక నెయ్యి వేయండి. నేరుగా నేతిలో పడితే ముందు ఉడుకుతుంది, తడి పోయిన మరుక్షణం మాడుతుంది. మీకు మధ్య రంగు కనపడనిది అందుకే. నాన్‌స్టిక్ నల్ల మూకుడులో ఈ రంగులు అసలు తెలియవు, స్టీలు గరిటెలో వేయించండి.

నల్లబడ్డ పువ్వుని "కొంచెమే కదా" అని చారులో వేయకండి. ఆ నెయ్యితో సహా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. మాడు చేదుకి విరుగుడు లేదు.

---

కందికట్టు:

పైన కొలతలతో నాకు పేచీ లేదు గానీ ఒక్కటి వదిలేశారు. కందిపప్పు కట్టు. గుప్పెడు కందిపప్పు మెత్తగా ఉడికించి, మెదపకుండా పైన తేరిన నీళ్లు ఒక గ్లాసు తీసి, చింతపండు నీళ్లలో ఆ మేరకు తగ్గించి పోయండి. చేదు మొనదేలి తగలకుండా గుండ్రంగా ఉంటుంది. మొదటిసారి తినేవాళ్లకి, పిల్లలకి ఇదే దారి. పప్పు మెదిపి పోస్తే మాత్రం పప్పుచారైపోతుంది, పువ్వు మెత్తబడి అడుక్కి దిగిపోతుంది.

బెల్లం గురించి కూడా. చేదెక్కిందని చాలామంది ముందు బెల్లం డబ్బా దగ్గరికి పరుగెడతారు. ముందు ఉప్పు రుచి చూడండి. ఉప్పు తక్కువైన చారులో చేదు రెట్టింపు తెలుస్తుంది, ఉప్పు చేదుని నాలుకకి అందకుండా అణుస్తుంది. పావు చెంచా ఉప్పుతో సరిపోయేదానికి బెల్లం పోస్తే చారు పానకమవుతుంది.

చింతపండు కూడా చూసుకోండి. ఇప్పుడు బజారుకి కొత్త పండు వస్తోంది. ఎర్రగా, మెత్తగా ఉంటుంది, పులుపు పదును ఎక్కువ. నిరుటి నల్ల చింతపండు ముద్దగా ఉంటుంది, పులుపులో కాస్త తీపి కలిసి ఉంటుంది. వేపపువ్వు చారుకి పాతదే నప్పుతుంది. కొత్తదైతే 20 గ్రాములకి బదులు 15 చాలు.

---

పచ్చిపులుసు:

అసలు శారు మరిగించుడెందుకు? పువ్వు మరగొద్దు అంటున్నరు కదా, మా దిక్కు పచ్చిపులుసుకు పొయ్యితోని పనే లేదు. ఎండలు ముదురుతున్నయి, మధ్యాహ్నం పూట అదే మంచిగుంటది.

నిమ్మకాయంత చింతపండు నానవెట్టి పిసికి, 600 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు పోయాలె. మూడు పచ్చిమిర్చి మంట మీద నల్లమచ్చలు వచ్చేదాక కాల్చి, ఉప్పు, జీలకర్రతోని దంచి అండ్ల కలపాలె. ఉల్లిగడ్డ ఒకటి సన్నగ తరిగి చేత్తోని నలపాలె, నలపకుంటే పులుసుకు రుచి దిగది. వేయించిన నువ్వుల పొడి రెండు పెద్ద చెంచాలు, బెల్లం కొద్దిగ, కొత్తిమీర. పోపు చల్లారినంక పోయాలె. నేతిల వేయించిన వేపపువ్వు మాత్రం గిన్నెల కాదు, ఎవరి పళ్లెంల వాళ్లే పైన చల్లుకోవాలె. కరకరలాడుతది, చేదు నోట్లె పడ్డప్పుడే తెలుస్తది, పులుసుకు అంటుకోదు. నువ్వుల పొడి ఉంటది కాబట్టి ఇది ఆ పూటకే, రాత్రికి దాచొద్దు.

---

డల్లాస్‌పెరడు:

ఇక్కడ డల్లాస్‌లో బయట వేప చలికాలం నిలవదు. కుండీలో పెంచి చలికి లోపల పెట్టుకునేవాళ్లకి ఆకు వస్తుంది గానీ పువ్వు మీద ఆశ పెట్టుకోలేం. కాబట్టి మనవాళ్ల దుకాణాల్లో దొరికే ఎండు వేపపువ్వు పొట్లాలే దిక్కు. అవి కొనేవాళ్లకి రెండు జాగ్రత్తలు.

ఒకటి, తమిళనాడు నుంచి వచ్చేవాటిలో కొన్ని ఉప్పు, మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టినవి. మన ఊరమిరపకాయల పద్ధతే. పొట్లం మీద ఉప్పు, పెరుగు రాసి ఉంటే చారులో ఉప్పు సగానికి తగ్గించి, పువ్వు వేశాక రుచి చూసి సరిచేయండి. ఇవి మామూలు పువ్వు కంటే త్వరగా రంగు తిరుగుతాయి, ముప్పావు నిమిషం చాలు. చేదు కూడా కొంచెం తక్కువే. ఉగాది పచ్చడికి మాత్రం ఇవి పనికిరావు.

రెండోది, పొట్లం చించగానే వాసన చూడండి. మంచి పువ్వు ఎండుగడ్డి, తేనె కలిసినట్టు ఉంటుంది. చెమ్మ వాసన, బూజు వాసన వస్తే వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు. తెల్లకాగితం మీద పోసి చూస్తే కాడలెన్నో, పువ్వెంతో తెలుస్తుంది. సగం కాడలే ఉంటే జల్లెడ పట్టండి: పువ్వు దిగుతుంది, పొడుగు కాడలు పైన నిలుస్తాయి.

---

చారుగిన్నె:

నిన్న ఇత్తడిగరిటె గారి కొలతలకి కందికట్టు కలిపి పెట్టాను. పువ్వు దించాకే వేశాను. చేదు గొంతులో చివర్న మాత్రం తగిలింది. ఇదే కావాలనుకున్నది.

మిగిలింది నిల్వ సంగతి. మాది సముద్రం పక్క ఊరు. వర్షాల్లో ఉప్పే నీరైపోతుంది, ఈ పువ్వు ఆగుతుందా?

---

వేపనీడ:

ఆగుతుంది. గాజుసీసాలో పోయండి. పలచటి ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుంది. సీసాని ఎండలో పెట్టి, పువ్వుని కూడా ఆఖరి ఎండలో ఉంచి, రెండూ పూర్తిగా చల్లారాక నింపండి. వేడి మీద మూతపెడితే లోపల ఆవిరి పట్టి అక్కడే బూజు మొదలవుతుంది. ఏడాదికి సరిపడా ఒకే సీసాలో కాకుండా నాలుగు చిన్న సీసాల్లో పోస్తే తెరిచినదానికే గాలి తగులుతుంది. తడిచెంచా పెట్టొద్దు. మీలాంటి చోట జూన్‌లో ముసురు పట్టకముందు ఒకరోజు, మళ్లీ దసరా తర్వాత ఒకరోజు ఎండ చూపించండి. ఫ్రిజ్‌లో పెడితే తీసిన వెంటనే తెరవకండి. సీసా చల్లదనం పోయాకే మూత తీయాలి, లేకపోతే పువ్వు మీద నీరు పడుతుంది.

ఇంకో మాట. కూరల్లో చారుల్లో వాడే మోతాదుకి వేపపువ్వుతో భయం లేదు గానీ, గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుని అడిగాకే తినడం మంచిది.

---

కందికట్టు:

ఉగాదికి పువ్వు చాలదేమోనన్న కంగారు వద్దని కూడా చెప్పాలి. 2024లో పండగ ఏప్రిల్ 9న వచ్చింది, అప్పటికి చాలా చెట్లకి పిందె దిగిపోయింది, తాజా పువ్వు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఈసారి మార్చి 19 కాబట్టి పూత ఇప్పుడిప్పుడే విచ్చే చెట్లే ఎక్కువ. పచ్చడికి కావలసింది పండగనాటి ఉదయం తీసుకోండి, దాచిపెట్టకండి. చారుకి, పొడికి ఏరుకోవడం పండగ తర్వాత రెండు వారాలు చేసుకోవచ్చు. వచ్చే ఏడు మళ్లీ ఆలస్యంగా వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం, అంటే ఒక నెల అదనంగా, ఉంది, కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్ 7కి పోతుంది. ఈ ఏడు ఎండబెట్టిన సీసా అప్పుడు పనికొస్తుంది.

ఈలోగా మామిడి పిందెలు రాలడం మొదలవుతుంది. గాలికి రాలిన గోళీకాయంత పిందెలు నాలుగైదు చితక్కొట్టి, జీడి పోయేలా ఒకసారి కడిగి, చింతపండు బదులు అవే వేసి చారు పెట్టండి. టెంక గట్టిపడని పిందెలే కావాలి. దానికి వేపపువ్వు అర చెంచా చాలు. పిందెలో వగరు ఉంటుంది, దానికి తోడు చేదు ఎక్కువైతే నోరు పట్టేస్తుంది.